పారేశారా, పెట్టారా?

మా మేనత్త పోయిందన్న కబురు పొద్దున్నే, నేను పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు వచ్చింది. ఫోన్ చేసింది బావ, అత్తకున్న ఒక్కగానొక్క కొడుకు. "అమ్మ లేవడం లేదే" అన్నాడు. నేను పొయ్యి కట్టేసి, కాళ్ళకి దొరికిన చెప్పులు వేసుకుని, నెహ్రూ నగర్ నుంచి అత్త ఉండే మరోదా పేటకి ఆటో ఎక్కాను. దారంతా నాకు ఏడుపు రాలేదు. మనసులో ఒకటే ఆలోచన, మంచం. ఆ మంచం సంగతి ఎవరికీ గుర్తు రాకముందే నేను అక్కడికి చేరాలి.

అత్త చనిపోతే మంచం గురించి ఆలోచించిందా ఈ మనిషి అని మీకు అనిపించవచ్చు. పోనీ, అనుకోండి. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు ఉద్యోగాలకి వచ్చి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో పాతుకుపోయిన మా కుటుంబాల్లో ఒక ఆచారం ఇంకా గట్టిగా ఉంది. ఏ మంచం మీద మనిషి ప్రాణం పోతుందో ఆ మంచం ఇంట్లో ఉండకూడదు. పరుపుతో సహా గేటు బయట పెట్టేస్తారు. పాత సామాన్లు కొనే కబాడీవాడు బండి మీద తోసుకుపోతాడు, లేకపోతే అక్కడే వానకి నాని పోతుంది. తన మంచానికి ఆ గతి పట్టనివ్వకూడదని అత్త నా దగ్గర మాట తీసుకుంది.

ఆ రోజు ఎవరికీ మంచం గుర్తు రాలేదు. అత్తని ముందు గదిలో నేల మీద పడుకోబెట్టారు. ప్లాంటు పాతవాళ్ళు, చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు, మా తెలుగువాళ్ళు వచ్చి కూర్చున్నారు. మావయ్య చెల్లెలు దుర్గ్ నుంచి కారులో వచ్చింది. వాళ్ళాయన కాంట్రాక్టులు చేస్తాడు. నాకు ఆవిడ పిన్ని వరస. కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అందరికీ వినబడేలా అంది.

"పాపం, మా వదిన! జన్మంతా ఒకలు పారేసిన సామాన్లతోనే గడిపీసింది. ఒక్క కొత్త వస్తువు మీద కూకుని ఎరగదు."

చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అయ్యో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. శవం ఇంట్లో ఉండగా గొడవేమిటని నోరు మూసుకున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మా అత్తని తలుచుకుని ఏడవాలనిపిస్తే ఏడవండి, నవ్వొస్తే నవ్వండి. "పాపం" అన్న మాట మాత్రం వద్దు. ఆవిడ బతికుండగా ఎవరైనా ఆ మాట అంటే చేతిలో ఏది ఉంటే అది ఎత్తి చూపించేది. ఎక్కువగా సుత్తే ఉండేది.

భిలాయ్ టౌన్‌షిప్ ఎరగనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ ఇల్లు మనది కాదు, క్వార్టర్. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే అందులో ఉండడం. నెలాఖరు వచ్చిందంటే ఏదో ఒక వీధిలో ఎవరో ఒకరు రిటైరై, మెడలో దండతో ఇంటికి వస్తారు. కొన్నాళ్ళకి వాళ్ళ గేటు ముందు లారీ ఆగుతుంది. కేరళకో, ఒడిశాకో, బీహార్‌కో, మన పార్వతీపురానికో వెళ్ళే లారీ. ఉద్యోగకాలమంతా పోగైన సామాను అందులో పట్టదు. పట్టనివి గేటు బయటే మిగిలిపోతాయి. కాలు విరిగిన కుర్చీ, నవారు జారిపోయిన మంచం, అద్దం పగిలిన డ్రెస్సింగ్ టేబుల్. అత్త పెళ్ళి చేసుకుని ఒక ట్రంకు పెట్టె, రెండు చాపలతో సెక్టర్ 7లో కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ కంటపడ్డవి అవేనట. ఒక కుర్చీని ఈడ్చుకొచ్చి, విరిగిన కాలికి కర్రముక్క కట్టి, మావయ్య షిఫ్టు నుంచి వచ్చేసరికి దాని మీద కూర్చుని వక్కపలుకు నములుతోందట.

చేతిలో డబ్బు లేక మొదలుపెట్టిందని పిన్ని అంటుంది. అయి ఉండొచ్చు. కానీ మావయ్య జీతం పెరిగాక, స్కూటరు కొన్నాక, ఇంట్లో ఫ్రిజ్ దిగాక కూడా వీధి చివర లారీ చప్పుడు వినబడితే అత్త పిండి చేతులు కడుక్కుని బయల్దేరేది. కాబట్టి ఆ వాదన నా దగ్గర చెల్లదు. ఆవిడకి అది ఇష్టం. ఇంకొకళ్ళు పనికిరాదని తేల్చేసిన దాన్ని పనికి తెచ్చి, వాళ్ళ కళ్ళెదుట నిలబెట్టడం మరీ ఇష్టం.

మా ఇల్లు రెండు వీధుల అవతలే. బడి నుంచి నేను తిన్నగా అత్త దగ్గరికే వెళ్ళేదాన్ని. వెనక వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒకటి తలకిందులుగా ఎండుతూ ఉండేది. మొదట కీళ్ళలో మరిగే నీళ్ళు పోసి నల్లులని చంపేది. తరవాత దాని మీద కూర్చుని, కళ్ళు మూసుకుని అటూ ఇటూ ఊగేది. ఎక్కడ కిర్రుమంటుందో వినేది.

"ఓలే గుంటా, ముందు కాళ్ళు సూడాల. మొహం తరవాత. మొహం సూసి మోసపోకు, కుర్చీనైనా, మొగుడ్నైనా" అనేది. మావయ్య లోపలి గదిలోంచి దగ్గేవాడు.

తరవాత రేగ్‌మాల్ పట్టడం. గరుకు కాగితానికి ఇక్కడ అందరూ అనే మాట అదే. దాన్ని ఉప్పు కాగితం అంటారని నేను పెద్దయ్యాక విజయనగరం వెళ్ళినప్పుడు గాని తెలియలేదు. పాత రంగు పొడిపొడిగా రాలి నా స్కూలు గౌను నిండా పడేది. ఇంటికెళ్తే అమ్మ తిట్టేది. పగుళ్ళలో లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ రుద్ది, అప్పుడు రంగు. అందం విషయంలో నేను అత్తని వెనకేసుకు రాను. ఆవిడకి నచ్చిన రంగు ఒకటే, పసుపు. బంతిపూల పసుపు. కుర్చీలు, బల్లలు, బీరువా, కూలర్ స్టాండు, అన్నీ పసుపే. కొంత వయసు వచ్చాక అంచులకి ఎర్రరంగు కూడా మొదలుపెట్టింది. ఆవిడ సవరించిన సొరుగు ఏదీ పూర్తిగా మూతపడిన పాపాన పోలేదు. అయినా ఆ కుర్చీల మీంచి ఎవరూ కింద పడలేదు.

టీవీలు గోడకి తగిలించుకునే రకం వచ్చాక, తలుపులున్న పాత టీవీ పెట్టెలు వీధుల్లో బారులు తీరాయి. అత్త ఒకటి తెచ్చి, లోపల మెట్లు కట్టి, దేవుడి మందిరం చేసింది. మునుపు సీరియళ్ళు వచ్చిన చోట వెంకటేశ్వరస్వామి, సింహాద్రి అప్పన్న, పైడితల్లి. పూజ అవగానే జారుడు తలుపు లాగేసేది. "ఆరికీ రెస్ట్ ఉండాలి కదేటి" అనేది. కంప్యూటర్ బల్ల మీద కుట్టుమిషను పెట్టింది. కీబోర్డు సొరుగులో సూదులు, దారాలు, బొత్తాలు.

ఆవిడ చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆవిడే ఒప్పుకోదు. వెనక వీధిలో ఒక బీహారీ కుటుంబం ఖాళీ చేస్తోంది. గేటు బయట తాళ్ళు కట్టిన మంచాలు, గోనెసంచులు, వాటికి కాస్త దూరంగా గోడ వారన ఒక చిన్న చెక్క కుర్చీ. విడిగా ఉంది కాబట్టి వదిలేశారనుకుని అత్త చంకన పెట్టుకొచ్చింది. వాళ్ళ లారీ ఆలస్యమైంది. సాయంత్రం లారీ వచ్చి, సామాను ఎక్కిస్తూ, కుర్చీ లేదని వెతుక్కుంటూ ఆ ఇంటావిడ అత్త వాకిట్లోకి వచ్చేసరికి అది నిలువెల్లా పసుపురంగులో మెరుస్తోంది. ఆవిడ చూసి నేల మీద కూలబడి ఏడుపు. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేతులతో చేసిన కుర్చీ అట. వాళ్ళాయన కేకలు. వీధి వీధంతా వచ్చింది. నేను తలుపు వెనక దాక్కున్నాను.

అత్త కుర్చీని కింది కాళ్ళు పట్టుకుని ఎత్తి, "గీలా హై. లారీ మే సబ్‌సే ఊపర్ రఖ్‌నా" అంది. తడిగా ఉంది, లారీలో అన్నిటికంటే పైన పెట్టుకోండి అని. క్షమించమన్న మాట ఆవిడ నోట రాలేదు. కానీ సామానంతా ఎక్కేదాకా ఆ కుర్చీని అలాగే ఎత్తి పట్టుకుని నిలబడింది, ఎవరి చెయ్యీ తగిలి రంగు చెదరకుండా. ఆఖరికి తనే లారీ ఎక్కి పైన పెట్టి దిగింది. దిగేటప్పుడు చేతులూ చీరా అంతా పసుపు. ఏడుస్తున్న ఆవిడ అది చూసి ఫక్కున నవ్వేసింది.

ఆ తరవాత అత్త ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఏ గేటు బయట ఏది కనబడినా, ముందు తలుపు కొట్టి అడిగేది. "భాభీ, ఫేంకా హై, కి రఖా హై?" పారేశారా, పెట్టారా? పారేస్తే నాది, పెడితే మీది. మధ్యలో ఇంకో మాట లేదు. వీధిలో పిల్లలు ఆవిడ వెనకాలే నడుస్తూ అదే మాట అరిచేవారు. ఆవిడ వాళ్ళతో కలిసి అరిచేది. ఖాళీ చేసేవాళ్ళే పిలిచి చెప్పడం మొదలుపెట్టారు. ఆఖరికి కబాడీవాళ్ళు కూడా ఆ వీధిలోకి వస్తే ముందు అత్త గేటు కేసి చూసి, తల ఊపితే గాని బండి ముందుకి తోసేవారు కాదు.

ఈ ధైర్యానికి అత్త మాటలు కూడా పడింది. బంధువులు చాటున మాట్లాడుకునేవారు. ఒకరింటి దరిద్రం తెచ్చి నట్టింట్లో పెట్టుకుంటోందనీ, ఏ శని ఏ కుర్చీతో వస్తుందో అనీ. పిన్ని అయితే మూడేళ్ళకోసారి సోఫా మార్చేది. పాతది కబాడీకైనా ఇచ్చేది గాని వదినకి తెలియనిచ్చేది కాదు, తన సోఫా ఎక్కడ పసుపురంగులో ఎదురవుతుందో అని. మావయ్యకి కూడా మొదట్లో నామోషీగానే ఉండేది.

"మిల్లులో అందరూ మనింటిని కబాడీ ఖానా అంటన్నారు" అన్నాడు ఒకసారి నా ఎదుటే.

"ఆళ్ళని భోజనానికి పిలు. ఏ కుర్చీ మీద కూకుంటారో సూద్దాం" అంది అత్త.

పిలిచాడు. వచ్చారు. కుర్చీల మీదే కూర్చుని మూడోసారి పులుసు వడ్డించుకున్నారు. అప్పట్నుంచి మావయ్య ఆ మాట ఎత్తలేదు. మెల్లగా ఆవిడ రంపం కోస్తుంటే చెక్క కదలకుండా పట్టుకునే ఉద్యోగంలో చేరాడు.

బావకి మాత్రం అది చిన్ననాటి పుండు. అది నేను కాదనను. వాడు చదువుకునే బల్ల కూడా ఎవరో వదిలేసిందే. ఒకరోజు క్లాసు కుర్రాడొకడు ఇంటికి వచ్చి, బల్ల అడుగున చెయ్యి పెట్టి తడిమి, "అరే, ఇది మాది కదా, నేను చెక్కిన పేరు ఇక్కడే ఉంది" అన్నాడట. మర్నాడు బడి అంతా తెలిసిపోయింది. బావ ఏడుస్తూ వచ్చి బల్లని కాలితో తన్నాడు. అత్త ఓదార్చలేదు. "ఆడు వదిలీసినాడు, నువ్వు సదువుతున్నావు. ఇప్పుడు ఎవలిది? ఆడికి కావాలంటే వచ్చి అడగమను" అంది. ఓదార్చి ఉండాల్సింది అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మా అత్త ప్రేమ గరుకుది. తగిలితే గీసుకుపోయేది కూడా.

రాయపూర్‌లో ఉద్యోగం వచ్చాక బావ చేసిన మొదటి పని, అమ్మకి పెట్టె మంచం, మెత్తటి పరుపు, గోధుమరంగు సోఫా కొనడం. అత్త కాదనలేదు. వీధిలో అందరినీ పిలిచి చూపించింది. మర్నాటి నుంచి ఆ పెట్టె మంచం కడుపులో రంగు డబ్బాలు, లప్పం, కుంచెలు పెట్టుకుంది. తను మాత్రం పాత మంచం మీదే పడుకునేది. ఎందుకత్తా అంటే, "కొత్తది మంచిదేనే. దానికీ నాకూ ఇంకా మాటల్లేవు" అంది.

ఆ పాత మంచం ఒక కేరళ కుటుంబం వదిలి వెళ్ళింది. గట్టి సాల్ చెక్క, ఇద్దరు ఎత్తినా నడుం పట్టేసే బరువు. కాళ్ళు చెదలు తినేస్తే, అత్త ఇంకెవరిదో డైనింగ్ టేబుల్ కాళ్ళు పెట్టించింది. లావుపాటి, గుండ్రటి, బొంగరాల్లాంటి కాళ్ళు. నవారు తీసేసి ప్లాస్టిక్ పట్టీ తనే అల్లింది. మావయ్య రిటైరైనప్పుడు అందరిలాగే వీళ్ళూ ఊరికి పోతారనుకున్నారు. అత్త లారీ ఎక్కనంది. "ఈ ఊళ్ళో ఇంతమంది వదిలీసినవి నేను నిలబెట్టినాను. నేనెలా ఒగ్గీసి పోతాను?" అంది. మరోదాలో రెండు గదుల సొంత ఇల్లు చూసుకుని టెంపోలో విడతలు విడతలుగా సామాను చేరేశారు. క్వార్టర్ ఖాళీ చేసిన రోజు వాళ్ళ గేటు బయట ఒక్క చెక్కముక్క కూడా మిగల్లేదు. ఆ మంచం ఆఖరి విడతలో వెళ్ళింది.

ఆ మంచం మీదే మావయ్య పోయాడు. అప్పుడు కూడా పిన్నే వచ్చింది. "మంచం బయట పెట్టించండి, కీడు" అని మొదలుపెట్టింది. ఇద్దరు మగవాళ్ళు మంచం పట్టెల మీద చేతులు వేశారు. అత్త లోపలి నుంచి వచ్చి, తిన్నగా మంచం మధ్యలో కూర్చుంది. బొట్టు కూడా ఇంకా అలాగే ఉంది.

"మనిషి పోనాడు. మంచమేటి సేసింది? పోయిందాకా మోసింది" అంది. "దీన్ని బయట పెడతారా, పెట్టండి. మీద నేనుంటాను. ఇద్దర్నీ కలిపే మోసుకెల్లండి."

ఎవరూ మోయలేదు. చేతులు తీసేశారు. అత్త ఆ తరవాత ఇన్నేళ్ళూ దాని మీదే పడుకుంది. మావయ్య పడుకునే వైపు వదిలేసి, గోడ వైపు. ఒక్కర్తివీ ఎందుకంత ఇరుకుగా పడుకుంటావని నేనంటే, అలవాటు అనేది.

పోయిన వేసవిలో నేను వెళ్ళేసరికి మంచం పట్టెలకి మళ్ళీ రేగ్‌మాల్ పడుతోంది. కాగితం వేళ్ళలోంచి జారిపోతోంది. నేను తీసుకుని రుద్దాను. ఆవిడ పక్కన కూర్చుని, ఎక్కడ తప్పు రుద్దుతున్నానో చెబుతూ, మధ్యలో అంది.

"నేను పోయాక ముందు దీన్నే బయట పెడతారు. పెట్టనివ్వకు."

"సరే అత్తా."

"సరే అంటే సాలదు. గొడవ పడాల. నీకొచ్చునా గొడవ?"

"నీ మేనకోడల్ని" అన్నాను. చాలాసేపు నవ్వింది.

ఇక దహనం అయిన మర్నాటి సంగతి. నేను పక్కింటివాళ్ళు ఇచ్చిన టీ ఫ్లాస్కుతో ఆటో దిగేసరికి, ఇల్లు కడిగిన నీళ్ళు గుమ్మంలోంచి పారుతున్నాయి. గేటు బయట మంచం. దాని మీద చుట్టిన పరుపు, దిండు. పొద్దున్నే పెరటి తలుపులోంచి బయటికి తెచ్చేశారు. వీధి మలుపులో కబాడీ బండి గంట వినిపిస్తోంది.

నేను ఫ్లాస్కు అరుగు మీద పెట్టి, మంచం తల వైపు పట్టుకున్నాను. కదల్లేదు. ముందు గదిలోంచి పిన్ని కేకేసింది.

"ఏటే ఆ పని? పోయినోల్ల మంచం ఎవరైనా ఇంట్లో ఉంచుతారేటి? కీడు."

"మావయ్య పోయిన మంచం మీదే అత్త పడుకుంది కదా పిన్నీ. ఏ కీడొచ్చింది?"

"మరి ఇప్పుడు పోనేదేటి ఆవిడ?"

"డెబ్బై దాటాక పోయింది. కొత్త మంచాల మీద పడుకునేవాళ్ళు పోవడం లేదా?"

పిన్ని బావ వైపు తిరిగింది. బావ తడి పంచెతో అరుగు మీద నిలబడి ఉన్నాడు. రెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు. ఆ మంచాన్ని బయట పెట్టించింది తనే. పిన్ని మాట కాదనలేక కొంత, చిన్ననాటి కోపం కొంత. నాకది అర్థమైంది. అర్థమైనా నేను తగ్గదలుచుకోలేదు. కబాడీ బండి వచ్చి మంచం పక్కన ఆగింది. బండివాడు పట్టెల్ని వేళ్ళతో కొట్టి చూస్తున్నాడు.

"బావా" అన్నాను. "ఫేంకా హై, కి రఖా హై? పారేశానంటే చెప్పు, ఇదే బండి మీద నెహ్రూ నగర్ పట్టుకుపోతాను, నాది. పెట్టానంటే రా, ఒక పక్క పట్టు."

బావ మొహం మారిపోయింది. "అమ్మ ఆ మాట అడుగుతుంటే నేను పక్క గల్లీలోంచి పారిపోయేవోడ్ని" అన్నాడు. నేను మంచం వదల్లేదు. బండివాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. పారేశాను అన్న మాట తల్లి పోయిన మర్నాడు ఏ కొడుకు నోటికి వస్తుంది? కానీ బావ మొండివాడు, ఆవిడ కొడుకే. అన్నా అంటాడు.

"రఖా హై" అన్నాడు ఆఖరికి. "జావో భయ్యా" అని బండివాణ్ణి పంపేశాడు. పంచె ఎగ్గట్టి వచ్చి, పరుపూ దిండూ అరుగు మీదికి తీసి, మంచం కాళ్ళ వైపు పట్టుకున్నాడు.

పెరటి వైపు దారి లేదు. మంచం బయటికి వచ్చాక, ఇల్లు కడగడానికని ముందు గదిలో కుర్చీలూ బల్లలూ అన్నీ వెనక వరండాలోకి నెట్టి గుట్ట పోశారు. ఇక వీధి గుమ్మమే గతి. అత్త ఉంటే ముందు కాళ్ళు విప్పమనేది, పక్కకి ఒరిగించమనేది. మా ఇద్దరికీ ఆ తెలివి లేదు, కోపం మాత్రమే ఉంది. తిన్నగా తోశాం. ముందు కాళ్ళు గడప దాటి గదిలోకి దిగాయి. సగం లోపలికి వచ్చాక పట్టెలు రెండూ గుమ్మం చట్రానికి బిగుసుకున్నాయి. బావ తోశాడు, నేను లాగాను. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ఆ బొంగరాల కాళ్ళ మీద మంచం గుమ్మంలో స్థిరంగా నిలబడిపోయింది, సగం ఇంట్లో, సగం అరుగు మీద.

నేను లోపల ఇరుక్కున్నాను, పిన్నితో, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో. వెనక దారి మూతపడింది. ముందు దారిలో మంచం. బయటికి పోవాలంటే దాని మీద నుంచే పోవాలి. వాళ్ళలో చిన్నవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులు చేతబట్టి, మంచం ఎక్కి అటు దిగిపోయారు. నేనూ ఎక్కి దిగాను. పిన్ని మిగిలింది. దుర్గ్ నుంచి కారు వచ్చి గేటు దగ్గర హారన్ కొడుతోంది.

పిన్ని చాలాసేపు గొణిగింది. నన్ను తిట్టింది, బావని తిట్టింది, పోయిన వదినని కూడా తిట్టింది. తరవాత చీర కుచ్చిళ్ళు దోపుకుని, పట్టె మీద చెయ్యి ఆనించి, ఒక మోకాలు ఎక్కించింది. రెండోది రాలేదు. ఆవిడ మోకాళ్ళ నొప్పులు మా అందరికీ తెలుసు. నేను చెయ్యి అందించాను. ఎలాగో మంచం మధ్యదాకా పాకి వచ్చి, కాళ్ళు అరుగు వైపు వేలాడేసి, అక్కడితో ఓపిక అయిపోయి కూర్చుండిపోయింది. ఆవిడ కాస్త అటు ఒరిగింది, కాస్త ఇటు ఒరిగింది. మంచం కిర్రుమనలేదు.

"టీ ఏదేనా ఉందేటే?" అంది.

ఫ్లాస్కులోంచి గ్లాసులో పోసి ఇచ్చాను. కారు మళ్ళీ హారన్ కొట్టింది. పిన్ని అటు చూడనైనా చూడలేదు. గుమ్మంలో, మా అత్త మంచం మీద, వీధంతా చూస్తుండగా ఊదుకుంటూ టీ తాగింది. తాగేసి, ఖాళీ గ్లాసు నా వైపు చాపింది.

"ఇంకాస్త పొయ్యి."